వాన లెక్క దొరికింది, వాగు లెక్క దొరకలేదు

2023 జూలై 27 ఉదయం ఎనిమిదిన్నర. ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలోని ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం అంతకుముందు 24 గంటల వానను 649.8 మిల్లీమీటర్లుగా నమోదు చేసింది. తెలంగాణలో ఒక్క రోజులో అంత వాన పడినట్టు అప్పటిదాకా రికార్డు లేదు. పాత రికార్డు 2013 జూలై 19న వాజేడులో పడ్డ 517.5 మిల్లీమీటర్లది. వాజేడు కూడా ఇప్పుడు ములుగు జిల్లాలోనే ఉంది.

నీటి సంగతులు టీఎంసీల్లో వినడం అలవాటైన మనకు ఈ మిల్లీమీటర్ల బరువు వెంటనే అందదు. చుట్టూ వంద చదరపు కిలోమీటర్ల మేర ఇదే తీరున కురిసిందనుకుంటే ఆ నీరు ఆరున్నర కోట్ల ఘనపు మీటర్లు, అంటే 2.3 టీఎంసీలు. అంత నీరు ఒక్క రోజులో పొలాల మీద, చెరువుల మీద, అడవి మీద పడి పల్లం వెతుక్కుంది. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిలో తెల్లవారేసరికి వాగు ఊళ్లో ఉంది. జనం ఇళ్ల పైకప్పులెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు, వాళ్లను దించడానికి హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. మేడారం జాతరకు వెళ్లినవాళ్లు మునకలు వేసే జంపన్నవాగు ఏటూరునాగారం మండలం కొండాయిలో మనుషుల్నే తీసుకుపోయింది.

ఆ రాత్రి ఎంత వాన పడిందో దశాంశ స్థానంతో సహా తెలిసింది. ఆ వానకు వాగు ఎంత నీరు తెస్తుంది, ఏ ఊరికి ఎన్ని గంటలకు చేరుతుంది అన్నది మాత్రం ఆ ఊళ్లవాళ్లకు ముందుగా అందలేదు. గోదావరి సంగతి వేరు. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని అక్కడి పిల్లలు కూడా చెబుతారు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు అని ఏడాదితో సహా గుర్తుంటుంది. మోరంచవాగు గురించి అలా గుర్తుపెట్టుకోవడానికి ఊరివాళ్ల దగ్గర అంకెలు లేవు. తెలుగు నేల మీద అతివృష్టి, వరద, కరువుల పరిశోధన ఎక్కడిదాకా వచ్చి ఆగిందో ఈ తేడాలోనే కనిపిస్తుంది.

సంస్థలకు కొరత ఉందా అంటే లేదు. ఒక్క హైదరాబాద్‌లోనే ఉపగ్రహ చిత్రాలతో వరద ముంపు పటాలు గీసే ఎన్ఆర్ఎస్సీ ఉంది. సముద్రం మీద కన్నేసి ఉప్పెన అంచనాలు ఇచ్చే ఇన్‌కాయిస్ ఉంది. భూగర్భ జలాలను చదివే ఎన్జీఆర్ఐ, మెట్టసేద్యం మీద పనిచేసే క్రిడా, పటాన్‌చెరులో మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉన్నాయి. తిరుపతి దగ్గర గాదంకిలో పై వాతావరణాన్ని పరిశీలించే భారీ రాడార్ ఉంది. రూర్కీలోని జాతీయ జలవిజ్ఞాన సంస్థకు కాకినాడలో డెల్టా ప్రాంతీయ కేంద్రం ఉంది. విశాఖలో తుపాను హెచ్చరికల కేంద్రం, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో దశాబ్దాల నాటి వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం ఉన్నాయి. దేశంలో చాలా రాష్ట్రాలకు ఇందులో సగం కూడా లేదు.

కానీ ఒక్కోదానికి ఒక్కో పని అప్పగించి ఉంది. ఒకరిది పంట, ఒకరిది సముద్రం, ఒకరిది రాయి, ఒకరిది ఆకాశం నుంచి తీసిన చిత్రం. పెద్ద నదులను కేంద్ర జలసంఘం చూసుకుంటుంది. వంద నుంచి వెయ్యి చదరపు కిలోమీటర్ల పరీవాహకంతో, కొన్ని గంటల్లోనే పొంగి కొన్ని గంటల్లోనే తీసే వాగును ఏళ్ల తరబడి వదలకుండా చదవడం ఎవరి ఉద్యోగంలోనూ స్పష్టంగా రాసి లేదు. వరద పటం తీయాల్సిన ఉపగ్రహం తలమీదికి వచ్చేసరికి ఇలాంటి వాగు తిరిగి తన దారిలో పడిపోతుంది. ఇటీవల ఊళ్లను ముంచినవి ఎక్కువగా ఇవే. మోరంచవాగు, జంపన్నవాగు, ఖమ్మం మున్నేరు, విజయవాడ బుడమేరు.

పరికరాలున్నా ఈ వాగుల దగ్గరికి వచ్చేసరికి చూపు ఎందుకు మసకబారుతుందో కాస్త వివరంగా చెప్పుకోవాలి. లక్ష్మీదేవిపేట హైదరాబాద్ డాప్లర్ రాడార్‌కు దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో ఉంది. రాడార్ కిరణం తిన్నగా పోతుంది, భూమి మాత్రం వంపు తిరుగుతుంది. అరడిగ్రీ కోణంలో వదిలిన కిరణం అంత దూరం వెళ్లేసరికి నేలకు సుమారు నాలుగు కిలోమీటర్ల పైన ఉంటుంది. ఆ ఎత్తులో మేఘంలో ఏముందో అది చూస్తుంది, దాని కింద చినుకులు కలిసి లావెక్కి కుమ్మరించే పొరను చూడలేదు. వాతావరణ శాఖ 1901 నుంచి తయారుచేసిన గళ్ల వర్షపాత పటం దేశమంతా పరిశోధకులకు ఆధారం. అందులో ఒక్కో గడి పావు డిగ్రీ. మన అక్షాంశాల దగ్గర అంటే దాదాపు 730 చదరపు కిలోమీటర్లు. అంత విస్తీర్ణానికి సగటు తీస్తే ఒక ఊరి మీద పడ్డ ఆరువందల మిల్లీమీటర్లు పలచబడిపోతాయి. వాగు పొంగేది సగటుకు కాదు, కుంభవృష్టికి.

ఆ లోటును కొంతవరకు తీర్చింది రాష్ట్రాలు సొంతంగా పెట్టుకున్న స్వయంచాలక కేంద్రాలే. తెలంగాణలో అవి వెయ్యికి పైగా ఉన్నాయి, ఆంధ్రప్రదేశ్‌లోనూ మండలాల స్థాయికి విస్తరించాయి. లక్ష్మీదేవిపేటలో కేంద్రం లేకపోతే 649.8 అనే అంకె చరిత్రలోనే ఉండేది కాదు. అయితే ఈ యంత్రాలు కనిపెట్టుకుని ఉండే మనిషి లేకపోతే పాడవుతాయి. వాన కొలిచే భాగంలో చిన్న తొట్టి నిండి ఒరిగినప్పుడల్లా ఒక లెక్క పడుతుంది. గరాటులో ఆకులు పడినా, సాలీడు గూడు కట్టినా, దుమ్ము పేరుకున్నా లెక్క తప్పుతుంది. మరీ ఉధృతంగా కురిసినప్పుడు తొట్టి ఒరిగే లోపలే కొంత నీరు లెక్కకు అందకుండా పోతుంది. అంటే ఏ వాన గురించి అన్నిటికంటే ఖచ్చితంగా తెలియాలో, ఆ వాన దగ్గరే యంత్రం తడబడుతుంది. ఏటా తొలకరికి ముందు ప్రతి కేంద్రానికీ వెళ్లి శుభ్రంచేసి, తెలిసిన కొలత నీరు పోసి సరిచూసే మనిషి పేరు ఏ పరిశోధన పత్రంలోనూ కనబడదు. ఆ పత్రం నిలబడేది మాత్రం అతని పని మీదే.

ప్రతి పెద్ద వరదకూ ఒక మాట అంటారు, కనీవినీ ఎరుగని వరద అని. ఆ మాట అనాలంటే కన్నదీ విన్నదీ ఎక్కడో రాసిపెట్టి ఉండాలి. 2009 అక్టోబరులో శ్రీశైలానికి సుమారు 25 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. జలాశయం స్పిల్‌వేను రూపొందించింది 19 లక్షలకు. కర్నూలు మునిగింది. అదే ఏడాది నైరుతి రుతుపవనాలు దేశవ్యాప్తంగా 22 శాతం లోటు మిగిల్చి వెళ్లాయి. సెప్టెంబరు దాకా కరువు మాట్లాడుకున్నవాళ్లు అక్టోబరు మొదటి వారంలో పడవలు వెతుక్కున్నారు. కడెం ప్రాజెక్టు గేట్లన్నీ ఎత్తితే పోగలిగేది సుమారు 3 లక్షల క్యూసెక్కులు. 2022 జూలైలో వచ్చింది దాదాపు 5 లక్షలు. మరుసటి జూలైలోనూ నీరు గేట్ల మీదుగా దూకింది. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్లి, 2009 నాటి 11.10 లక్షల రికార్డు చెరిగిపోయింది.

ఇక్కడ ఇంజనీర్లను నిందించడం తేలిక, న్యాయం కాదు. ఎంత వరదకు కట్టాలన్నది చేతిలో ఉన్న రికార్డు నిడివి మీద ఆధారపడుతుంది. వందేళ్లకోసారి వచ్చే వరద అంటే వందేళ్లకు ఒక్కసారే వస్తుందని కాదు, ఏ ఏడాదైనా అది రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉందని. వాగు ఒడ్డున ఇల్లు కట్టుకుని ముప్పై ఏళ్లు కాపురం చేసే కుటుంబం ఆ వరదను చూసే అవకాశం 26 శాతం, నాలుగోవంతు కన్నా ఎక్కువే. ఈ చిన్న లెక్క కూడా చేతిలో సరైన అంకెలుంటేనే పనికొస్తుంది. పాతిక ముప్పై ఏళ్ల కొలతలతో వందేళ్ల వరదను అంచనా కడితే పొరపాటుకు ఎంత చోటుంటుందో చెప్పలేం. ఇక అసలు కొలతలే లేని వాగుకు పక్క నది లెక్కలు తెచ్చి, ఒక సూత్రంలో వేసి, అంకె రాసుకుంటారు. వంతెన ఎత్తు ఆ అంకె మీదే తేలుతుంది.

పైగా వాతావరణం నిలకడగా లేదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ (ఐఐటీఎం) శాస్త్రవేత్తలు 1950 నుంచి 2015 వరకు లెక్కలు తీసి, మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతివృష్టి ఘటనలు మూడు రెట్లయ్యాయని 2017లో చూపించారు. ఆ ఫలితాన్ని తెలుగు రాష్ట్రాల చర్చల్లోనూ తరచూ ప్రస్తావిస్తారు. కానీ అది ప్రధానంగా మనకు ఉత్తరాన ఉన్న ప్రాంతం లెక్క. అక్కడి మూడు రెట్లు అనంతపురానికి గానీ, కోనసీమకు గానీ, ములుగు అడవులకు గానీ అలాగే వర్తిస్తాయని అనుకోవడానికి లేదు. ఇక్కడి ప్రశ్నకు జవాబు ఇక్కడి కొలతల్లోంచే రావాలి.

అది అసాధ్యమేమీ కాదనడానికి రుజువులు మన దగ్గరే ఉన్నాయి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన పది వేల మంది దాకా బలిగొంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తిన్నగా విశాఖ మహానగరం మీదికే వచ్చింది. రాష్ట్రంలో మృతులు వందలోపే. మధ్యలో ముప్పై ఏడేళ్ల పాటు ఆగకుండా పని జరిగింది. తీరం వెంట రాడార్లు, ఉపగ్రహాలు, ఉప్పెన ఎంత ఎత్తు లేస్తుందో లెక్కగట్టే నమూనాలు, తుపాను షెల్టర్లు, హెచ్చరిక అందగానే జనాన్ని కదిలించే అలవాటు, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ వచ్చాయి. ప్రభుత్వాలు మారినా ఆ పని తెగిపోలేదు. తుపానుకు దక్కిన ఆ శ్రద్ధ వాగుకు దక్కలేదు.

రెండో రుజువు హైదరాబాద్‌కు దక్షిణాన, మహేశ్వరంలో ఉంది. 1999లో ఎన్జీఆర్ఐలో భూగర్భ జలాల పరిశోధనకు భారత్–ఫ్రెంచ్ కేంద్రం ఏర్పడింది. ఆ బృందం దేశమంతా తిరగకుండా మహేశ్వరం దగ్గర 53 చదరపు కిలోమీటర్ల చిన్న పరీవాహకాన్ని పట్టుకుని కూర్చుంది. వందల బోరుబావుల్లో మట్టాలు కొలిచారు. పంపు పరీక్షలు చేశారు. ఎవరి పొలంలోంచి ఎంత నీరు పోతోంది, వానలో ఎంత భాగం కిందికి ఇంకుతోంది అని ఏళ్ల తరబడి లెక్క కట్టారు. మన గ్రానైటు నేలలో నీరు ఎలా నిలుస్తుందో ఆ పనివల్ల స్పష్టమైంది. పైన మెత్తబడిన రాయి పొర, దాని కింద పగుళ్లున్న పొర, ఆ కింద బిగుసుకున్న రాయి. నీరంతా దాదాపు ఆ పై రెండు పొరల్లోనే. ఇంకా లోతుకు వేస్తే నీరు తగులుతుందన్న ఆశతో వెయ్యి అడుగులు దించి అప్పులపాలైన రైతు కథకు ఇది శాస్త్రం చెప్పే కారణం. దక్కన్‌లోనే కాదు, అలాంటి రాతి నేలలున్న ఇతర దేశాల్లోనూ ఆ పరిశోధన ఉపయోగపడింది. ఇక్రిశాట్‌లో 1976 నుంచి నల్లరేగడి మడుల మీద నడిపిన దీర్ఘకాలిక ప్రయోగానిదీ ఇదే తీరు. చిన్న చోటు, పొడుగాటి కాలం, ఆ చోటును వదలని మనుషులు.

ఆ మూడోదే కష్టం. జాతీయ ఫెలోషిప్పుతో పీహెచ్‌డీలో చేరినవారికి 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37 వేల రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. అది దక్కనివాళ్లు ప్రాజెక్టు డబ్బు మీద రెండేళ్లు, మూడేళ్లు పనిచేస్తారు. ప్రాజెక్టు ముగియగానే కొలతా ఆగిపోతుంది. వాగు తీరు మూడేళ్లలో తెలిసేది కాదు. మొదటి ఏడు కరువు కావచ్చు, రెండో ఏడు మామూలు వాన, మూడో ఏడు పెద్ద వరద వచ్చి కొలబద్దనే కొట్టుకుపోవచ్చు. సివిల్ ఇంజనీరింగ్ చదివిన కుర్రాడు సాఫ్ట్‌వేర్‌కు మళ్లితే తప్పుపట్టలేం. జలవిజ్ఞానం చదివి ఇక్కడే బతకగల ఉద్యోగం అతని కళ్ల ముందు లేదు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో నీటి మీద, వాతావరణం మీద పనిచేస్తున్న తెలుగువాళ్లతో కలిసి పనిచేయాలన్నా ఇక్కడ నిలకడగా ఒక బృందం ఉండాలి. అవతలివైపు ఉత్తరం అందుకునే చెయ్యి లేకపోతే ఆ సాయం ఒక ఉపన్యాసంతో సరి.

మరో చిక్కు రాష్ట్రాల మధ్యది. కృష్ణలో నీటి కొలత మొదటినుంచీ పంపకాల కోసం పెరిగింది. బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చిన 811 టీఎంసీల్లో ఎవరికెంత అన్నది 2014 తర్వాత ఇంకా సలుపుతున్న గాయం. అందువల్ల ప్రతి అంకె వెనకా ఒక వకీలు ఉంటాడు. ఒక రాష్ట్రం కొలిస్తే మరో రాష్ట్రం అనుమానిస్తుంది. వాటా కోసం కొలిచే నీటికీ, అర్థం చేసుకోవడానికి కొలిచే నీటికీ చాలా తేడా ఉంది. వరదకు వాటాదారులు ఉండరు, బాధితులే ఉంటారు. మున్నేరునే చూడండి. తెలంగాణలో పుట్టి, ఖమ్మాన్ని ఒరుసుకుంటూ వచ్చి, ఆంధ్రప్రదేశ్‌లో కృష్ణలో కలుస్తుంది. కలిసేది పులిచింతలకు దిగువన కాబట్టి దాని నీటిని పట్టి ఆపే పెద్ద జలాశయం అక్కడ లేదు, తిన్నగా ప్రకాశం బ్యారేజీకే. 2024 సెప్టెంబరు 1న ఖమ్మం కాలనీలు మునిగాయి, మర్నాడు బెజవాడ దగ్గర కృష్ణ రికార్డు దాటింది. ఆ రెండు రోజుల నీటిని రెండు రాష్ట్రాల శాస్త్రవేత్తలు ఒకే బల్ల దగ్గర కూర్చుని చదవాల్సి ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో హిమాయత్‌సాగర్ దగ్గరి ఇంజనీరింగ్ పరిశోధనశాలలు, నీరు, నేల యాజమాన్యంలో శిక్షణ ఇచ్చే రాజేంద్రనగర్‌లోని వాలంతరీ లాంటివి అందరికీ పనికొచ్చేవి. అవి హైదరాబాద్‌లో ఉండిపోవడంతో నదుల చివర, వరద మీద పడే చోట ఉన్న ఆంధ్రప్రదేశ్‌కు ఆ లోటు పెద్దదే.

ఒక్క విషయంలో దక్షిణాది నదులు అదృష్టవంతులు. గంగ, బ్రహ్మపుత్ర, సింధు పరీవాహకాల ప్రవాహ లెక్కలను కేంద్రం గోప్యంగా ఉంచుతుంది. గోదావరి, కృష్ణ లెక్కలకు ఆ అడ్డు లేదు, కేంద్రం నడిపే జలవనరుల సమాచార వెబ్‌సైట్ ఇండియా డబ్ల్యూఆర్ఐఎస్‌లో విద్యార్థి కూడా చూసుకోవచ్చు. రాష్ట్రాల సొంత వర్షపాత కేంద్రాల గంటవారీ లెక్కలు, చెరువులకు గండ్లు పడిన వివరాలు కూడా అలాగే బయటికి రావాలి. చెరువుల మాట ఊరికే అనడం లేదు. 1908 సెప్టెంబరు మూసీ వరదలో హైదరాబాద్‌లో పదిహేను వేల మంది దాకా చనిపోయారు. తర్వాత వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరంలోని నీటి గుర్తులు చూసి ఊరుకోలేదు. ఎగువన మూసీ, ఈసీ పరీవాహకాల్లో 788 చెరువులున్నాయని, వాటిలో 221 తెగిపోయాయని లెక్క తేల్చారు. ఆ అధ్యయనం ఫలితమే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. నూట పదిహేనేళ్లు దాటాక కూడా, ఒక పెద్ద వాన తర్వాత ఏ చెరువు ఎన్ని గంటలకు తెగింది, ఆ నీరు కింది చెరువును ఎలా తెంపింది అని అంత శ్రద్ధగా రాసిపెట్టే పద్ధతి నిలబడలేదు.

ఊళ్లలో కొలిచే తెలివి లేదని అనుకోవడం పొరపాటు. రైతు వానను మిల్లీమీటర్లలో కాదు, పదునుల్లో చెబుతాడు. దుక్కి పదును పడింది అంటే నేలలో తేమ ఎంత లోతుకు దిగిందో అందులోనే ఉంది. అలుగు ఎన్నడు పారిందో, ఏ కార్తెలో ఎంత పారిందో చెరువు కింద నీళ్లు వదిలే నీరటికి, సీమలో నీరుగంటికి తెలుసు. ఈ తెలివికి కొలబద్ద చేర్చిన ప్రయత్నం ఉమ్మడి రాష్ట్రంలో రైతుల ఆధ్వర్యంలో భూగర్భజల నిర్వహణ పేరుతో జరిగింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో రాయలసీమ, ప్రకాశం, నల్గొండ, మహబూబ్‌నగర్‌లలో ఏడు కరువు జిల్లాల్లోని ఆరు వందలకు పైగా గ్రామాల్లో రైతులే వానమాపకాలు చూసి, బోరుబావుల్లో మట్టాలు కొలిచి, రబీకి ముందు ఊరి నీటి పద్దు గోడ మీద రాసుకున్నారు. నీరు తక్కువుంటే వరి తగ్గించుకున్నవాళ్లున్నారు. ప్రపంచమంతా దాన్ని ఉదాహరణగా చెప్పుకుంది. ప్రాజెక్టు డబ్బు ఆగాక చాలాచోట్ల ఆ కొలతలు సన్నగిల్లిపోయాయి. రైతుకు ఆసక్తి పోయిందని దీనికి అర్థం చెప్పకూడదు. ఆ అంకెను అందుకుని, సరిచూసి, తిరిగి ఊరికి జవాబు చెప్పే సంస్థ జిల్లాలో లేకపోయింది.

అందుకే ఇప్పుడు కావలసింది మరో పెద్ద భవనం కాదు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఎనిమిదో పదో వాగులను ఎంచుకోవాలి. తడి అడవిలో ఒకటి, పెన్నా పరీవాహకంలో ఒకటి, నగరం గుండా పోయేది ఒకటి, రెండు రాష్ట్రాల హద్దు దాటేది ఒకటి. ఒక్కో వాగును దగ్గర్లోని విశ్వవిద్యాలయానికి ఇరవై ఐదేళ్లకు అప్పగించాలి. వరంగల్ నిట్, జేఎన్‌టీయూ అనంతపురం, జేఎన్‌టీయూ కాకినాడ, ఆంధ్ర విశ్వవిద్యాలయం లాంటివి ఉండనే ఉన్నాయి. శాశ్వత ఉద్యోగంలో ఇద్దరు ముగ్గురు, నీటిపారుదల శాఖ నుంచి డిప్యుటేషన్ మీద ఒక ఇంజనీరు, ఊరి నుంచి జీతం తీసుకుని మట్టం రాసే ఒక మనిషి. ఖర్చులో ఎక్కువ భాగం జీతాలకే పోతుంది, పోవాలి కూడా. యంత్రం కొనడానికి డబ్బు తేలికగా పుడుతుంది. దాన్ని చూసుకునేవాడి పదో ఏడాది జీతానికే పుట్టదు.

ములుగుతోనే మొదలుపెట్టవచ్చు. 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన చట్టంతో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం అక్కడికి వచ్చింది. లక్ష్మీదేవిపేట, జంపన్నవాగు రెండూ ఆ జిల్లాలోనే ఉన్నాయి. వాగు ఏ ఏడు ఏ గట్టు కోసిందో, పాత దారి ఎక్కడుండేదో అడవి పక్క ఊళ్ల కోయ పెద్దలకు తెలుసు. వాళ్ల పిల్లలే రేపు అక్కడ డిగ్రీలో చేరతారు. జంపన్నవాగు వంతెన స్తంభం మీద అడుగుల గీతలు గీయడానికి, వాగు ఎండిన వేసవిలో, రెండు రోజులు చాలు.